ట్రాఫిక్ స్టాప్‌లు న్యాయంగా జరుగుతున్నాయో లేదో తేల్చుకోవడం ఎలా

పోలీసులు బండి ఆపారు అన్న మాట వస్తే చాలు రెండు వాదనలు రెడీగా ఉంటాయి, ఒకళ్ళు "తప్పు చేశావు కాబట్టి ఆపారు, లేకపోతే ఎందుకు ఆపుతారు" అంటారు, ఇంకొకళ్ళు "మొహం చూసి ఆపుతారండీ, ఎవరికి తెలీదు" అంటారు, ఇద్దరూ తమకి జరిగిందో తమ బావమరిదికి జరిగిందో ఒకటి చెప్పేసి అక్కడితో ఆపేస్తారు. నిజానికి ఒకే స్టాప్‌లో ఈ రెండు మాటలూ నిజమే కావచ్చు. స్పీడ్ లిమిట్ దాటిన మాట నిజం, అదే స్పీడ్‌లో పోతున్న ఇరవై బండ్లలో ఈ ఒక్కదాన్నే ఏరుకున్న మాటా నిజం. అందుకే "తప్పు చేశావా లేదా" అన్న ఒక్క ప్రశ్నతో న్యాయం తేలదు, ఇంకా చాలా అడగాలి, ఏమేం అడగాలో ఎలా చూడాలో నాకు తెలిసినంతలో ఇక్కడ పెడుతున్నా. మిమ్మల్ని ఆపినా, మీ ఊరి పోలీసుల తీరు గురించి లెక్కలు తియ్యాలనుకున్నా, మీరే ఆ యూనిఫాంలో ఉన్నా పనికొస్తుంది.

మొదట ఒక విషయం మనసులో పెట్టుకోండి. స్టాప్ అనేది ఒక్క పని కాదు, అందులో మూడు నిర్ణయాలు ఉంటాయి. ఎవర్ని ఆపాలి అనేది ఒకటి, ఆపాక ఎలా మాట్లాడాలి అనేది ఇంకొకటి, ఆ తర్వాత ఏం చెయ్యాలి, అంటే వదిలెయ్యాలా చలాన్ రాయాలా డిక్కీ తెరిపించాలా అనేది మూడోది. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడితే ఎంతసేపు వాదించినా తేలదు. ఆపడం న్యాయంగానే ఉండి మాట తీరు ఘోరంగా ఉండొచ్చు, మాట తీరు తేనెలా ఉండి ఆపడమే అన్యాయం కావచ్చు. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు, నాకైతే అదే పెద్ద సమస్య అనిపిస్తుంది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా.

ఆపింది రోడ్డు కోసమా, అనుమానం కోసమా

స్టాప్‌లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం రోడ్డు భద్రత కోసం: బాగా స్పీడ్‌గా పోతున్నారు, సిగ్నల్ జంప్ చేశారు, బండి వంకరటింకరగా పోతోంది. రెండో రకంలో ట్రాఫిక్ రూల్ ఒక సాకు మాత్రమే, అసలు పని లోపల ఏముందో చూడటం. నంబర్ ప్లేట్ మీద లైట్ వెలగట్లేదు, ఇండికేటర్ ఒక్క సెకను ఆలస్యంగా వేశారు, అద్దానికి ఏదో వేలాడుతోంది లాంటివి చెప్పి ఆపుతారు, ఆపిన తర్వాత ఆ లైట్ సంగతి ఎవరూ ఎత్తరు.

అమెరికాలో కాన్సాస్ సిటీ చుట్టుపక్కల డ్రైవర్లని పరిశోధకులు సర్వే చేస్తే తేలింది ఇదే. స్పీడ్ కోసం ఆపినప్పుడు నల్లజాతి డ్రైవర్లయినా తెల్లవాళ్ళయినా పెద్దగా తేడా లేకుండా "సరే, తప్పు చేశా, ఆపారు" అని తీసుకున్నారు. చిరాకు, అవమానం, నమ్మకం పోవడం, ఇవన్నీ వచ్చింది అనుమానం మీద ఆపిన స్టాప్‌ల నుంచి, అవి ఎక్కువగా పడింది నల్లజాతి వాళ్ళ మీద. ఆ స్టాప్‌లలో అధికారి సార్ మేడమ్ అని మర్యాదగానే మాట్లాడినా ఆ గాయం పోలేదు. ఎంత మర్యాదగా చేసినా అన్యాయం అన్యాయంగానే తెలుస్తుంది మనిషికి.

ఏ రకమో గుర్తుపట్టడానికి అధికారి అడిగే ప్రశ్నలు వినండి. లైసెన్స్, బండి కాగితాలు, ఇన్సూరెన్స్, ఎంత స్పీడ్‌లో వచ్చారో తెలుసా, ఇలాంటివైతే మొదటి రకం. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు, పక్కన కూర్చున్నది ఎవరు, ఈ బండి మీదేనా, లోపల ఏమైనా ఉందా, ఒకసారి చూడొచ్చా అని మొదలైతే రెండో రకం. ఒక్కో ప్రశ్న విడిగా చూస్తే మామూలుగానే ఉంటుంది, వరసగా వస్తే మాత్రం విషయం అర్థమైపోతుంది.

చట్టం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది, ఇది తెలుసుకోకుండా "చట్టబద్ధమే కదా" అనకండి. అమెరికాలో ఏ అనుమానమూ లేకుండా ఊరికే లైసెన్స్ చూద్దామని ఏదో ఒక బండిని ఆపకూడదని సుప్రీంకోర్టు 1979లో చెప్పింది, కానీ 1996లో అదే కోర్టు చిన్న ట్రాఫిక్ తప్పు ఒకటి కళ్ళెదుట ఉంటే చాలు, అధికారి మనసులో అసలు ఉద్దేశం ఏదైనా ఆపడం చెల్లుతుంది అంది. రోజూ రోడ్డెక్కేవాళ్ళలో ఏదో ఒక చిన్న తప్పు చెయ్యని వాళ్ళు ఉండరు కాబట్టి ఆచరణలో ఎవర్నయినా ఆపొచ్చు అని అర్థం. బ్రిటన్‌లో అయితే 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం సెక్షన్ 163 కింద కారణం చెప్పకుండానే యూనిఫాంలో ఉన్న పోలీసు బండి ఆపమనొచ్చు. అంటే చట్టబద్ధం అనే గీత చాలా కింద ఉంది, న్యాయం అనే గీత దానికి చాలా పైన ఉంది, మనం కొలవాల్సింది ఆ పై గీతతో.

ఇందులో ఒక మినహాయింపు చెప్పాలి. రోడ్డు మీద అడ్డంగా పెట్టి అందర్నీ, లేదా లెక్క ప్రకారం ప్రతి పదో బండినీ ఆపి తాగి నడుపుతున్నారేమో చూసే చెక్‌పోస్టుల్లో ఎవర్ని ఆపాలన్న నిర్ణయం అధికారి చేతిలో ఉండదు, అందుకని జనం వాటి గురించి తక్కువ గొణుగుతారు. కాకపోతే చెక్‌పోస్టు ఎప్పుడూ ఒకే పేట మూలనే పెడుతున్నారా అనేది మాత్రం చూడాలి, ఎంపిక అక్కడ దాక్కుంటుంది.

మాట తీరుని ఎలా తూచాలి

ఇక రెండో నిర్ణయం. మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ టైలర్ 1980లలో చికాగో జనం మీద చేసిన పరిశోధన దగ్గర్నుంచి ఒక మాట పదే పదే రుజువవుతూ వచ్చింది, జనం పోలీసుల్ని తూచేది చలాన్ పడిందా లేదా అనే దానికంటే తమతో ఎలా వ్యవహరించారు అనే దాని మీద ఎక్కువ. అందులో చూసేవి నాలుగు: నా మాట చెప్పుకోనిచ్చారా, అందరికీ ఒకే రూల్ వాడారా, మనిషిగా గౌరవించారా, వీళ్ళ ఉద్దేశం నా మంచికేనా లేక కోటా నింపుకోవడానికా. స్టాప్ గురించి ఎవరైనా చెప్తుంటే ఈ నాలుగూ విడివిడిగా అడగండి. "ఎలా జరిగింది" అంటే "బాగానే" అనో "చెత్తగా" అనో అంటారు, దాంతో ఏమీ తెలీదు, "మీరు చెప్పింది విన్నాడా" అంటే అప్పుడు అసలు కథ బయటికొస్తుంది.

మొదటి అర నిమిషం మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. 2023లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో నల్లజాతి డ్రైవర్లని ఆపిన 577 స్టాప్‌ల బాడీ కెమెరా రికార్డింగులు తీసుకుని చూశారు, అధికారి పలికిన మొదటి 45 పదాల్లోనే ఆ స్టాప్ సోదా దాకా సంకెళ్ళ దాకా అరెస్టు దాకా పోతుందా లేదా అన్న జాడ కనపడింది. కారణం చెప్పకుండా ఆర్డర్‌తో మొదలుపెట్టినవి ముదిరాయి. డ్రైవర్ ఇంకా నోరు కూడా సరిగ్గా తెరవని సమయం అది, కాబట్టి "వాడే రెచ్చగొట్టి ఉంటాడు" అని ముందే అనేసే వాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొకటి, 2017లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ వాళ్ళు కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగర పోలీసుల 981 స్టాప్‌ల మాటలు అక్షరం అక్షరం విశ్లేషించారు, మొత్తం 36 వేలకు పైగా పలుకులు. తిట్లు గట్రా కాదు తేలింది. థాంక్యూ చెప్పడం, ఆపినందుకు సారీ అనడం, జాగ్రత్తగా వెళ్ళండి అనడం తెల్లవాళ్ళతో ఎక్కువ ఉన్నాయి, మొదటి పేరు పెట్టి పిలవడం, చేతులు స్టీరింగ్ మీద పెట్టు అనడం లాంటివి నల్లజాతి వాళ్ళతో ఎక్కువ ఉన్నాయి. అధికారి ఏ జాతివాడు, తప్పు ఎంత పెద్దది, ఎక్కడ ఆపారు, చివరికి ఏమైంది, ఇవన్నీ పక్కన పెట్టి చూసినా ఆ తేడా మిగిలే ఉంది. ఒక్క స్టాప్ వీడియో చూస్తే ఇది దొరకదు, ప్రతిదీ మామూలుగానే అనిపిస్తుంది, వందల స్టాప్‌లు పక్కపక్కన పెడితేనే కనపడుతుంది. అందుకే "నా వీడియోలో ఏం తప్పుంది చూపించు" అని అధికారి అడిగితే ఆయన అబద్ధం చెప్తున్నట్టు కాదు, మొత్తం న్యాయంగా ఉన్నట్టూ కాదు.

మరి మంచి మాటలు నేర్పిస్తే సరిపోతుందా అంటే, దీని మీద ప్రయోగాలు జరిగాయి, ఫలితాలు ఒకేలా రాలేదు, అవి తెలుసుకోవడం అవసరం. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో 2009, 2010 ప్రాంతంలో తాగి నడిపే వాళ్ళని పట్టుకునే చెక్‌పోస్టుల్లో అధికారులకి ఒక స్క్రిప్ట్ ఇచ్చారు, ఎందుకు ఆపుతున్నామో చెప్పడం, ఇది అందరికీ చేసే పరీక్షే మిమ్మల్ని ఏరుకోలేదు అనడం, మీ అభిప్రాయం ఏంటి అని అడగడం, చివర్లో థాంక్స్. మామూలుగా అర నిమిషం లోపు అయిపోయే పరీక్ష ఒకటిన్నర నిమిషం పట్టింది, డ్రైవర్ల అభిప్రాయం మెరుగుపడింది. అదే పద్ధతి స్కాట్లాండ్‌లో 2013 చివర్లో పెడితే మెరుగుపడటం మాట అటుంచి కొన్ని విషయాల్లో ఇంకా తగ్గింది. ఎందుకలా అని తర్వాత తవ్వితే, ఆ పద్ధతిని అధికారుల నెత్తిన పెట్టిన తీరే వాళ్ళకి నచ్చలేదని, తమ డిపార్ట్‌మెంటే తమతో న్యాయంగా లేదని వాళ్ళు అనుకున్నారని తేలింది. పైవాడు తనని తిడుతుంటే కిందవాడు రోడ్డు మీద నవ్వుతూ స్క్రిప్ట్ చదవమంటే ఎలా చదువుతాడు చెప్పండి. టర్కీలో అదానా నగరంలో స్పీడ్ కోసం ఆపిన వాళ్ళ మీద చేసిన ప్రయోగంలో ఆ ఒక్క స్టాప్ గురించి అభిప్రాయం బాగుపడింది, పోలీసుల మీద మొత్తంగా ఉన్న అభిప్రాయం మాత్రం అంతగా కదల్లేదు. చికాగోలో వెస్లీ స్కోగన్ అనే పరిశోధకుడి లెక్క చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు, ఒక చెడ్డ అనుభవం అభిప్రాయం మీద చూపే ప్రభావం మంచి అనుభవం కంటే 4 నుంచి 14 రెట్లు ఎక్కువ.

మిమ్మల్ని ఆపినప్పుడు, ఆపిన తర్వాత

రోడ్డు పక్కన వాదన గెలవడానికి ప్రయత్నించకండి, అది కోర్టు కాదు. ఇండికేటర్ వేసి సేఫ్‌గా ఉన్నచోట ఆపండి, రాత్రయితే లోపల లైట్ వేసుకోండి, చేతులు కనపడేలా ఉంచండి, కాగితాల కోసం సొరుగులో చెయ్యి పెట్టే ముందు "తీస్తున్నానండీ" అని చెప్పి తియ్యండి. ఎందుకు ఆపారు అని మామూలు గొంతుతో ఒకసారి అడగండి, ఆ జవాబు చాలా ముఖ్యం, ఇచ్చినా ఇవ్వకపోయినా. బండి సోదా చేస్తామంటే ఇది మీ హక్కుతో చేస్తున్నారా నా అనుమతి అడుగుతున్నారా అని అడగండి, రెండింటికీ చాలా తేడా ఉంది. అమెరికాలాంటి చోట్ల అనుమతి అడిగితే వద్దనొచ్చు, వద్దన్నారని అదే అనుమానానికి కారణం కాకూడదు. వద్దన్నాక కూడా చేస్తే ఒంటి మీద చెయ్యి వేసి అడ్డుకోవద్దు, "నేను ఒప్పుకోలేదు" అని వినపడేలా చెప్పి ఊరుకోండి. అన్నట్టు అక్కడే సుప్రీంకోర్టు 2015లో ఇంకో మాట చెప్పింది, చలాన్ పని అయిపోయాక మత్తుమందుల వాసన పట్టే కుక్కని తెప్పించడం కోసం అనుమానం లేకుండా మనిషిని నిలబెట్టి ఉంచకూడదని, కాబట్టి పని ఎప్పుడు అయిపోయిందో టైమ్ గమనించడం కూడా అవసరమే.

ఇంటికెళ్ళాక, అదే రోజు, పడుకునే ముందు రాసుకోండి. మర్నాటికి కోపం మిగులుతుంది, వివరాలు పోతాయి. రాయాల్సినవి: టైమ్, రోడ్డు పేరు, వెలుగుందా చీకటిగా ఉందా, చుట్టూ ట్రాఫిక్ ఎంత స్పీడ్‌లో ఉంది, ఆపే ముందు పోలీసు బండి మీ వెనక ఎంతసేపు వచ్చింది, అధికారి మొదటి మాట ఏంటి, కారణం ఎప్పుడు చెప్పారు, కాగితాలు కాకుండా ఇంకేం అడిగారు, పక్కనున్న వాళ్ళ గుర్తింపు కూడా అడిగారా, సోదా జరిగిందా, అనుమతి అడిగారా, ఏమైనా దొరికిందా, మొత్తం ఎంతసేపు, చివరికి చలానా హెచ్చరికా ఊరికే వదలడమా. ఆ రాతలో మీ ఫీలింగ్ కూడా రాయండి కానీ వేరే లైన్‌లో, జరిగింది ఒకచోట అనిపించింది ఇంకోచోట. డాష్‌క్యామ్ ఉంటే ఆ ఫైల్ వెంటనే వేరేచోటికి కాపీ చెయ్యండి, చాలా కెమెరాలు కార్డ్ నిండగానే పాతదాని మీదే రాసేస్తాయి. బాడీ కెమెరా ఫుటేజ్ కూడా ఎల్లకాలం ఉంచరు, ఎన్ని రోజులు ఉంచుతారో కనుక్కుని ఆ లోపలే రాతపూర్వకంగా అడగండి.

ఫిర్యాదు పెట్టాలనుకుంటే జరిగింది జరిగినట్టు, వరసలో, చిన్నగా రాయండి. "జాతి చూసి ఆపాడు" అని ఒక్క స్టాప్ నుంచి నిరూపించడం దాదాపు కుదరదు, ఎందుకంటే అధికారి మనసులో ఏముందో కాగితం మీద ఉండదు. "కారణం అడిగితే చెప్పలేదు, చలాన్ ఇచ్చాక ఇంకో ఇరవై నిమిషాలు నిలబెట్టారు" అన్నది నిరూపించొచ్చు. మీరు నిరూపించగలిగింది ముందు పెట్టండి. ఎంపికలో వివక్ష అనేది లెక్కల్లో తేలాల్సిన విషయం, ఇప్పుడు అక్కడికే వస్తున్నా.

లెక్కలు చూసేటప్పుడు

అందరూ మొదట చేసే పని ఏంటంటే, జనాభాలో ఫలానా వాళ్ళు ఇంత శాతం, ఆపిన వాళ్ళలో ఇంత శాతం, తేడా ఉంది కాబట్టి వివక్ష. మిస్సోరీలో ఫెర్గూసన్ పోలీసుల మీద అమెరికా న్యాయశాఖ 2015లో ఇచ్చిన రిపోర్టులో 2012 నుంచి 2014 వరకూ లెక్కలు ఉన్నాయి, ఊరి జనాభాలో నల్లజాతి వాళ్ళు 67 శాతం, ఆపిన బండ్లలో 85 శాతం, చలాన్లలో 90 శాతం, అరెస్టుల్లో 93 శాతం. చూడగానే గుండె చివుక్కుమంటుంది, కానీ ఇంతటితో ఆగితే అవతలి వాళ్ళు ఒక్క మాటతో కొట్టేస్తారు: జనాభా వేరు, రోడ్డు మీద తిరిగేవాళ్ళు వేరు, అందులో తప్పు చేసేవాళ్ళు వేరు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కాబట్టి దానికి జవాబు మీ దగ్గర ముందే ఉండాలి, మూడు దారులున్నాయి.

ఒకటి, రోడ్డు మీదే లెక్కపెట్టడం. అమెరికాలో న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే టోల్ రహదారి మీది స్టాప్‌ల కేసులో జాన్ లాంబర్త్ అనే గణాంక నిపుణుడు మనుషుల్ని పెట్టి ఆ రోడ్డు మీద పోయే బండ్లని లెక్కపెట్టించాడు. నల్లజాతి మనుషులున్న బండ్లు 13.5 శాతం ఉన్నాయి, స్పీడ్ లిమిట్ దాటిన వాళ్ళు దాదాపు 98 శాతం, అంటే అందరూ. జాతి రికార్డ్ అయిన స్టాప్‌లలో మాత్రం నల్లజాతి వాళ్ళవి 35 శాతం పైన. 1996లో కోర్టు ఆ లెక్కని ఒప్పుకుని ఆ స్టాప్‌లలో దొరికిన సాక్ష్యాలు కొట్టేసింది. అందరూ తప్పు చేస్తున్న రోడ్డు మీద "తప్పు చేశాడు కాబట్టి ఆపాం" అన్న మాటకి అర్థమే లేదు, అసలు ప్రశ్న ఇంతమందిలో ఈయన్నే ఎందుకు అనేది. కష్టమైన పద్ధతే, మనుషులు కావాలి రోజులు కావాలి, కానీ నలుగురు చేరితే ఒక జంక్షన్ దగ్గర చెయ్యలేనంత పని కాదు.

రెండోది చీకటి పరీక్ష, నాకు చాలా ఇష్టమైనది ఎందుకంటే కొత్తగా ఏ డేటా అక్కర్లేదు, స్టాప్ టైమ్ ఒక్కటి ఉంటే చాలు. గ్రోగర్, రిడ్జ్‌వే అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఓక్లాండ్ లెక్కలతో చూపించారు. ఆలోచన ఇదీ: పగలైతే డ్రైవర్ ఎవరో ఆపకముందే కనపడుతుంది, చీకట్లో కనపడటం కష్టం. సాయంత్రం ఆరున్నర తీసుకోండి, చలికాలంలో ఆ టైమ్‌కి చీకటి పడిపోతుంది, ఎండాకాలంలో వెలుగు ఉంటుంది, రోడ్డు మీద ఉండే జనం మాత్రం దాదాపు వాళ్ళే, ఆఫీసు నుంచి ఇంటికి పోయేవాళ్ళు. ఒకే గడియారం టైమ్‌లో వెలుగున్నప్పుడు ఫలానా వాళ్ళ వాటా ఎక్కువ, చీకట్లో తక్కువ అయితే మొహం చూసి ఆపుతున్నారన్న అనుమానం బలపడుతుంది. మసక వెలుగు ఉండే అరగంటని లెక్కలోంచి తీసెయ్యండి. వీధి దీపాలు బాగా ఉన్న రోడ్ల మీద ఈ పరీక్ష బలహీనంగా పనిచేస్తుంది, బండి మోడల్ చూసి ఆపుతుంటే అసలు పట్టుకోలేదు, కాబట్టి తేడా రాకపోతే న్యాయంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చెయ్యకండి. స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు 2020లో దాదాపు 10 కోట్ల స్టాప్‌ల డేటా పోగుచేసి అందులో కొన్నిటి మీద ఇదే చేస్తే చీకటి పడ్డాక ఆపిన వాళ్ళలో నల్లజాతి డ్రైవర్ల వాటా తగ్గింది.

మూడోది సోదాల్లో దొరికిన శాతం. ఊరికే లెక్క కోసం అనుకుందాం, ఒక వర్గం వాళ్ళ బండ్లు 200 సోదా చేస్తే 20 బండ్లలో ఏదో దొరికింది, ఇంకో వర్గం బండ్లు 50 సోదా చేస్తే 15 బండ్లలో దొరికింది. మొదటిది 10 శాతం, రెండోది 30 శాతం. మొదటి వర్గం విషయంలో చాలా చిన్న అనుమానానికే డిక్కీ తెరిపిస్తున్నారని దానర్థం. ఫెర్గూసన్‌లో సరిగ్గా ఇదే కనపడింది, నల్లజాతి డ్రైవర్లని సోదా చెయ్యడం రెండింతల పైన, దొరకడం మాత్రం తెల్లవాళ్ళ కంటే 26 శాతం తక్కువ. పోలీసు వైపు నుంచి చూసినా ఇది నష్టమే కదా, టైమంతా ఏమీ దొరకని బండ్ల మీద పోతోంది. దీనికీ ఒక లోపం ఉంది, సగటు శాతాలు కొన్నిసార్లు మోసం చేస్తాయి, ఒక వర్గంలో బాహాటంగా కనపడే కేసులు ఎక్కువుంటే వాళ్ళ శాతం దానంతటదే పెరుగుతుంది, కాబట్టి ఈ పరీక్ష ఒక్కదాని మీదే కేసు కట్టకండి. మూడూ ఒకే వైపు చూపిస్తే అప్పుడు గట్టిగా మాట్లాడండి. అంకెలు చిన్నవైతే, పదో పదిహేనో సోదాలుంటే, శాతాలే తియ్యొద్దు.

డిపార్ట్‌మెంట్‌ని ఏం అడగాలి

ప్రతి స్టాప్‌కీ టైమ్, చోటు, కారణం, డ్రైవర్ ఏ వర్గం, సోదా ఏ ఆధారం మీద, అనుమతితోనా, ఏం దొరికింది, ఎంతసేపు, చివరికి ఏమైంది. అమెరికాలో నార్త్ కరొలైనా 1999లోనే ఈ లెక్కలు రాయాలని చట్టం చేసిన మొదటి రాష్ట్రం, కాబట్టి కుదరని పని అంటే నమ్మకండి. డ్రైవర్ వర్గం గురించి ఒక చిన్న సంగతి, కాలిఫోర్నియాలో 2015 చట్టం ప్రకారం అధికారి డ్రైవర్‌ని అడక్కూడదు, తనకి ఎలా కనపడ్డాడో అదే రాయాలి, ఎందుకంటే పక్షపాతం పనిచేసేది అధికారి కంటికి కనపడిన దాని మీద, అది సరైన పద్ధతి అని నా అభిప్రాయం. చలాన్ రాసినవే లెక్కలో ఉన్నాయా అని తప్పకుండా అడగండి. ఊరికే వదిలేసిన స్టాప్‌లు రికార్డ్‌లో లేకపోతే అసలు అనుమానపు స్టాప్‌లన్నీ మాయమైపోయినట్టే, ఏమీ దొరక్క వదిలేసినవే కదా అవి. ఖాళీ గడులు ఎన్ని ఉన్నాయో, అవి కొందరు అధికారుల దగ్గరే ఉన్నాయో కూడా చూడండి.

జనం అభిప్రాయం సేకరిస్తే

మీరే సర్వే చేస్తుంటే "పోలీసులు న్యాయంగా ఉంటారా" అని ఒకే ప్రశ్న పెట్టి ఆపేయకండి. చివరిసారి ఆపిన సంగతి వేరుగా, మొత్తం మీద అభిప్రాయం వేరుగా అడగండి, అదానాలో చూశాం కదా ఈ రెండూ కలిసి కదలవు. ఆపిన కారణం సరైనదే అనుకుంటున్నారా అన్నది తప్పక ఉండాలి, అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 2011 సర్వేలో ఆ ప్రశ్నకి అవును అన్నది తెల్ల డ్రైవర్లలో 84 శాతం, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) వాళ్ళలో 74, నల్లజాతి వాళ్ళలో 67. అసలు ఎప్పుడూ ఆపని వాళ్ళని కూడా అడగండి, వాళ్ళ అభిప్రాయం ఇంట్లో వాళ్ళకి జరిగినదాని నుంచీ ఫోన్‌లో చూసిన వీడియోల నుంచీ వస్తుంది, అది అబద్ధమని కొట్టిపారెయ్యకూడదు, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం రాసుకోవాలి. జవాబులు ఇచ్చిన వాళ్ళు మరీ కోపంగా ఉన్నవాళ్ళే అయితే సర్వే ఒకవైపు ఒరిగిపోతుంది, అందుకని ఇల్లిల్లూ తిరగడమో పేర్లు చీటీ వేసి తియ్యడమో చెయ్యండి, లింక్ గ్రూపుల్లో పడేస్తే లాభం లేదు.

మార్పు అడిగేటప్పుడు

ట్రైనింగ్ పెట్టండి అని అడగడం తేలిక, వాళ్ళు ఒప్పుకోవడం ఇంకా తేలిక. నేనైతే ముందు ఎంపిక మీద పడమంటా. ఓక్లాండ్‌లో అధికారులు స్టాప్ ఫారంలో ఒక్క గడి కొత్తగా పెట్టారు, ఫలానా నేరానికి ఈ మనిషిని ముడిపెట్టే సమాచారం ముందే ఉండి ఆపారా, అవునా కాదా. ఆపే ముందు ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చేసరికి 2017లో దాదాపు 32 వేలున్న స్టాప్‌లు మరుసటి ఏడు 19 వేలకి పడిపోయాయి, నల్లజాతి వాళ్ళని ఆపడం 43 శాతం తగ్గింది. ఫిలడెల్ఫియా కౌన్సిల్ 2021లో ఒక చట్టం చేసి బంపర్ వేలాడటం, ఒక లైట్ వెలగకపోవడం లాంటి 8 చిన్న తప్పుల కోసమే బండి ఆపడాన్ని మాన్పించింది, ఆపకుండా చలాన్ పంపొచ్చు. ఇలాంటివి అడగండి: ఏ చిన్న తప్పులకి ఆపడం మానేస్తారు, అనుమతి సోదాకి రాతపూర్వకంగా సంతకం తీసుకుంటారా, కారణం మొదటి మాటలోనే చెప్పాలన్న రూల్ పెడతారా, చలాన్ల సంఖ్యని ప్రమోషన్‌తో ముడిపెట్టడం ఆపుతారా. అధికారుల్ని కూడా ఆ మీటింగ్‌లో కూర్చోబెట్టండి, స్కాట్లాండ్‌లో జరిగింది అక్కడ జరగకూడదంటే. ఇచ్చిన లెక్కలు ఏ ఫార్మాట్‌లో ఇచ్చారో దాచిపెట్టుకుని వచ్చే ఏడాది అచ్చంగా అదే ఫార్మాట్‌లో మళ్ళీ అడగండి, మధ్యలో గడుల పేర్లు మార్చేస్తే పోల్చడానికి కుదరదు, మార్చారంటే ఎందుకు మార్చారో కూడా రాతపూర్వకంగానే అడగండి.